కత్తెర చేసిన చెట్టు

కుండీలో పెట్టిన మొక్క ఆకులు వేస్తుంది, పూలు పూస్తుంది, కొమ్మలు చాస్తుంది. ఒక్కటి మాత్రం చెయ్యదు: మొదలు లావెక్కదు. బోన్సాయ్ పెంచేవాళ్ళందరికీ మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. మొదలు లావెక్కాలంటే పైన ఆకు దండిగా ఉండాలి, కింద వేళ్ళు ఎటు కావాలంటే అటు పోవాలి. లోతులేని పళ్ళెంలో ఈ రెండూ కుదరవు. నర్సరీ నుంచి బొటనవేలంత మొక్క తెచ్చి పళ్ళెంలో నాటితే పదేళ్ళ తర్వాత కూడా అది దాదాపు బొటనవేలంత మొక్కే; కాకపోతే ముసలి మొక్క. అడుగున్నర ఎత్తులోనే ఊరి చివరి చింతచెట్టంత పెద్దరికం కనిపించాలంటే, ఆ మొదలు నేలలో తయారై రావాల్సిందే.

జపాన్ వాళ్ళు దీనికోసం కొండలెక్కారు. మంచుకూ గాలికీ నలిగి, బండల సందుల్లో గిడసబారిన జునిపెర్, పైన్ చెట్లను తవ్వి తెచ్చుకున్నారు. అలా కొండ నుంచి తెచ్చినదాన్ని యమదోరి అంటారు. మనకు ఆ కొండలూ లేవు, ఆ చెట్లూ లేవు. ఉన్న రిజర్వు అడవిలో గడ్డపార వేస్తే కేసు. కానీ పాత ఇళ్ళ ప్రహరీల వెంట, బడుల ముందు, పార్కుల చుట్టూ ముప్ఫై నలభై ఏళ్ళుగా కత్తెర దెబ్బలు తింటూ నడుమెత్తు దాటకుండా బతికిన మొక్కలు మన ఊళ్ళల్లో బారులు తీరి ఉన్నాయి. కామిని, గోరింట, కాగితంపూలు, డురంటా, సీమచింత. కంచెను అందరూ గోడలాగే చూస్తారు, అందులో ఒక్కో మొక్కనూ విడిగా చూసేవాళ్ళు తక్కువ. అందుకే ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టే రోజున జేసీబీ మొదట పెకలించేది దాన్నే, ఎవరూ అడ్డుపడనిదీ దాని విషయంలోనే.

కంచె మొక్క బోన్సాయ్‌కి ఎందుకు పనికొస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. చిగురు కొసను కత్తిరిస్తే దాని కింద నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పైకి పోవాల్సిన సత్తువ పక్కలకు పంచుకుపోతుంది. మొక్క ఎత్తు పెరగదు, గుబురు పెరుగుతుంది. ఆ గుబురు తయారుచేసిన ఆహారమంతా దిగివచ్చి మొదట్లో చేరుతుంది. వేళ్ళకు అడ్డు లేదు. అలా ఏటేటా కలప పొర మీద పొర పడుతూ పొట్టి మొక్కకు పెద్ద చెట్టు మొదలు వస్తుంది. పళ్ళెంలో ఎన్నేళ్ళు పెంచినా రానిదాన్ని తోటమాలి తనకు తెలియకుండానే చేసిపెట్టాడు. అతనికి కావలసింది పైన చదునుగా ఉండడం, అంతే. ఈ కళలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఇదే: సగం పని చేసినవాడికి తాను ఏం చేశాడో తెలియదు, మిగతా సగం చేసేవాడు అతని పనిని చదువుకుని మొదలుపెట్టాలి.

అన్ని కంచెలూ ఇందుకు పనికిరావు. మయూరపంఖి అని మనవాళ్ళు ముద్దుగా పిలుచుకునే థూజా చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆకు లేని ముదురు కొయ్య మీద దానికి మళ్ళీ చిగురు రాదు. కోశామంటే అది అక్కడితో సరి. కాగితంపూల చెట్టుకు మొండి ప్రాణం. తొడంత దుంగను నరికి ఇసుకలో పాతినా వేళ్ళు వేస్తుంది. కానీ దాని కలప మెత్తన. పెద్ద కోత పడిన చోట కుళ్ళి తొర్రవుతుంది. తవ్వేటప్పుడు వేళ్ళు పుటుక్కున తెగిపోతాయి, మట్టిగడ్డ నిలవదు. రంగుల కోసం పెంచుకోవచ్చు గానీ, పనితనం చూపించడానికి అది అంత మంచి సరుకు కాదని నా అభిప్రాయం. డురంటా కొమ్మలు పెళుసు; అదీగాక ఒక్కోసారి ఒక పక్క మొత్తం కారణం చెప్పకుండా ఎండిపోతుంది. గోరింట మేలైనది. ఆకు చిన్నది, కొమ్మలు సన్నగా దగ్గరదగ్గరగా వస్తాయి, ముదిరిన కొయ్య మీద కూడా చిగురిస్తుంది. ముళ్ళతో చేతులు గీరుకుపోతాయి, దానికి ఒప్పుకోవాలి.

పల్లెల్లో చేను గట్ల మీదా దడుల్లోనూ కనిపించే బర్రెంక గురించి ఒక మాట. గరుకు ఆకుల చెట్టు, పందుంపుల్లకు విరిచేది. మన దగ్గర దానికి అంతకుమించి గౌరవం లేదు. థాయ్‌లాండ్‌లో దాన్ని ఖోయ్ అంటారు. పాతకాలంలో వాళ్ళ మడత పుస్తకాలకు కాగితం దీని బెరడుతోనే చేశారు. కొమ్మలు వంచి కత్తిరించి గుండ్రటి ఆకుల గుత్తులుగా పెంచే మయ్ దత్ అనే వాళ్ళ సంప్రదాయ కళకు కూడా ఇదే ముఖ్యమైన చెట్టు. మనం పళ్ళు తోముకుని పారేసిన పుల్ల అక్కడ రాజప్రాసాదం ముందు నిలబడింది.

నా ఓటు మాత్రం కామినికే. నాగగొలుగు అని దీని తెలుగు పేరు. కరివేపాకుకు దగ్గర చుట్టం. వానపడిన కొద్ది రోజులకు తెల్లగా పూసి వీధంతా వాసనేస్తుంది, తర్వాత ఎర్రటి కాయలు కాస్తుంది. అసలు సంగతి దాని కలపలో ఉంది. లేత పసుపు రంగులో, సన్నటి రేకతో, గట్టిగా ఉంటుంది. మెల్లగా పెరుగుతుంది గనుక చేసిన పని చెరిగిపోదు. బెరడు పాలిపోయిన నునుపు. వయసు ముదిరేకొద్దీ మొదలు కండలు తేలినట్టు మడతలు పడుతుంది. ఒక జాగ్రత్త ఉంది: నిమ్మజాతి తోటలను పాడుచేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగుకు కామిని లేత చిగురంటే మహా ఇష్టం. బత్తాయి, నిమ్మ తోటల పక్కన ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది.

తార్నాకలో మా బాబాయి డాబా మీద ఉన్న కామిని చెట్టును చూసి ఈ వ్యాసం రాయాలనిపించింది. ఎత్తు రెండడుగులకు లోపు. అది ఒక పాత ఇంటి ప్రహరీ కంచెలోది. ఇల్లు పడగొడుతున్నారని తెలిసి, ఇంటివాళ్ళను అడిగి, ఆరుద్ర కార్తెలో తవ్వి తెచ్చారు. మన వాతావరణానికి అదే అదను. ఎండ తగ్గి, గాలిలో తేమ పెరిగి, మొక్క వేళ్ళు తెగిన దెబ్బను తట్టుకునే రోజులు.

తవ్వడం గురించి కొందరు గొప్పగా చెబుతారు. అది కూలిపనే, కాకపోతే తెలివితో చెయ్యాల్సిన కూలిపని. ముందురోజు నీళ్ళు పెట్టి నేలను నానబెడతారు. పైన గుబురంతా రంపంతో తీసేసి మొద్దును ఉంచుతారు. ఆ తర్వాత గడ్డపార పక్కనపెట్టి చేత్తో, పుల్లతో మొదలు చుట్టూ మట్టి లాగుతారు. పాత కంచె మొదట్లో ఏళ్ళ తరబడి ఆకూ చెత్తా పేరుకుపోయి అసలు మొదలు మూడు నాలుగంగుళాల లోతున ఉంటుంది. పైకి మణికట్టంత ఉన్న మొక్క అక్కడ రెండింతలు లావు తేలుతుంది. వేళ్ళు నాలుగు వైపులా విడిపోయే ఆ చోటు కనబడకుండా రంపం పెట్టినవాడు చెట్టులో మేలైన భాగాన్ని నేలలో వదిలేసి వస్తాడు. కింద తల్లివేరును కోసేయాలి. పీచువేళ్ళను ఎంత వీలైతే అంత కాపాడాలి. కంచె కాబట్టి పక్క మొక్క వేళ్ళు ఇందులో, దీని వేళ్ళు అందులో చిక్కుకుని ఉంటాయి. ఇటుక పెంకులు, సిమెంటు గడ్డలు, ఒక్కోసారి కొయ్య మింగేసిన ముళ్ళతీగ. రంపం పళ్ళు పోయేది అక్కడే. తీసినదాన్ని తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తేవడం, అదే రోజు నాటడం.

నాటేది అందమైన పళ్ళెంలో కాదు, పాత చెక్కపెట్టెలో. జల్లెడ పట్టి దుమ్ము తీసిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొంచెం ఆకు ఎరువు. తోట మట్టి వేస్తే నీళ్ళు నిలిచి కోసిన వేళ్ళు కుళ్ళుతాయి. బాబాయి అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టేది చెట్టును పెట్టెకు కట్టడం మీద. అడుగు రంధ్రాల్లోంచి తీగ తెచ్చి వేళ్ళ మీదుగా బిగించి, మొదలు పట్టుకుని ఊపితే పెట్టెతో సహా కదలాలి గానీ చెట్టు ఒక్కటే కదలకూడదంటారు. కొత్తగా వచ్చే వేరు నూలుపోగు కంటే సన్నం. గాలికి చెట్టు ఊగిన ప్రతిసారీ అది తెగుతుంది. చాలామంది తెచ్చిన మొద్దులు చచ్చిపోయేది నీళ్ళు చాలక కాదు, ఈ కదలిక వల్లే.

ఆ తర్వాత వచ్చేది చూసి మోసపోకూడదు. మూడు నాలుగు వారాల్లో మొద్దు నిండా పచ్చటి చిగుళ్ళు పొడుచుకొస్తాయి. బతికిందని పండగ చేసుకుంటాం. అది మొద్దులో దాచుకున్న పాత ఆహారంతో వచ్చిన చిగురు. కింద వేళ్ళు పడ్డాయనడానికి సాక్ష్యం కాదు. వేళ్ళు పడకపోతే నెలకో రెండు నెలలకో చిగుళ్ళన్నీ వాడి రాలిపోతాయి. అందుకని మొదటి ఏడాదంతా కత్తెర ముట్టుకోరు. ఎన్ని చిగుళ్ళు వస్తే అన్నిటినీ పిచ్చిగా పెరగనిస్తారు. వేపపిండి, వేరుశనగపిండి కూడా కొత్త ఆకు ముదిరాకే.

ఇక్కడి నుంచి మొదలయ్యేది అసలు చేతిపని. ఇది జపాన్ పుస్తకాల్లో చూసే తీగచుట్టుడు పని కాదు, దక్షిణ చైనా పని. గ్వాంగ్‌జౌ ప్రాంతంలో 20వ శతాబ్దంలో స్థిరపడిన లింగ్నాన్ పద్ధతి ఇది. కాంగ్ తాయ్‌చూ అనే ఆయన పేరు దీనితో ముడిపడి ఉంది. అక్కడి హాయ్‌చువాంగ్ గుడిలో ఉండిన సూ రెన్ అనే బౌద్ధ సన్యాసి నాలుగైదు కొమ్మలతో తేలిపోయే సన్నటి చెట్లకు పేరుపడ్డాడు. హాంకాంగ్‌లో వింగ్ లుంగ్ బ్యాంకు పెట్టిన వూ యీ-సన్ 1969లో వేసిన పుస్తకంతో బయటి దేశాలవాళ్ళు ఈ పద్ధతిని గమనించారు. ఆయన ఇచ్చిన చెట్లు మాంట్రియల్ బొటానికల్ గార్డెన్‌లోనూ, వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలోనూ ఉన్నాయి. గ్వాంగ్‌జౌ వాళ్ళకు కామిని ముఖ్యమైన చెట్లలో ఒకటి. వాళ్ళ వాతావరణం వేడి, తేమ. మన కోస్తా వాళ్ళకు కొత్తేమీ కాదు. మన ఎండలో మొక్క పెరిగే వేగానికి తీగ చుడితే కొద్ది వారాల్లోనే బెరడులోకి దిగి మచ్చపడుతుంది. కత్తెరకు ఆ బెడద లేదు.

పద్ధతి చెప్పడానికి రెండు ముక్కలు. కావలసిన చోట వచ్చిన చిగురును ఒక్కదాన్ని ఉంచి, దాని మొదలు తగినంత లావయ్యేదాకా స్వేచ్ఛగా పెరగనివ్వాలి. అది మూడడుగులు పోయినా సరే. లావు చాలిందనిపించిన రోజు దాన్నంతా తీసేసి, మొదట్లో అంగుళమో రెండంగుళాలో మాత్రం ఉంచాలి. ఆ కోత కింద ఉన్న మొగ్గ లేచి కొత్త కొమ్మ అవుతుంది. అది ముందుదాని కంటే సన్నగా ఉంటుంది, దిక్కు కూడా మారుతుంది. మళ్ళీ పెంచడం, మళ్ళీ కొయ్యడం. ఒక్కో ముక్కకు ఏడాది, రెండేళ్ళు. నాలుగైదు ముక్కలయ్యేసరికి కొమ్మ మొదట లావుగా, పోనుపోను సన్నంగా, విరుపులు విరుపులుగా తయారవుతుంది. పెద్ద చెట్టు కొమ్మ వందేళ్ళలో గాలివానలకు విరిగి, మళ్ళీ చిగురించి సంపాదించుకునే ఆకారం ఇది.

మొగ్గను ఎంచుకోవడంలోనే ఉంది తెలివంతా. కామినికి ఆకులు కొమ్మ మీద ఒకటి ఇటు, తర్వాతిది అటు వస్తాయి. కాబట్టి ఒక కణుపు పైన కోస్తే కొమ్మ ఎడమకు, ఇంకో కణుపు పైన కోస్తే కుడికి. పావంగుళం తేడాలో చెట్టు భవిష్యత్తు మారుతుంది. గోరింటకైతే ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. ఎక్కడ కోసినా రెండు మొగ్గలు ఒకేసారి లేస్తాయి. ఒకదాన్ని గోటితో గిల్లేయకపోతే ప్రతి చోటా పంగలకర్ర తయారవుతుంది. "కత్తెర చేతిలో ఉన్నప్పుడు చెట్టును చూడకూడదు, మూడేళ్ళ తర్వాతి చెట్టును చూడాలి" అంటారు బాబాయి. వినడానికి సినిమా డైలాగులా ఉంది గానీ, ఆయన కోసేముందు ఎంతసేపు కుర్చీలో కూర్చుంటారో చూస్తే నమ్మాలనిపిస్తుంది.

ఇప్పుడా చెట్టు దగ్గరికి. ఆకులున్నప్పుడు అది గుబురైన ఒక చిన్న చెట్టు, అంతే. పనితనం తెలియాలంటే ఆకులు దూసేసిన రోజున చూడాలి. లింగ్నాన్ వాళ్ళు తమ మేలైన చెట్లను అలా ఆకు లేకుండానే ప్రదర్శనకు పెడతారు. దాచుకోవడానికి ఏమీ ఉండదు.

మొదట కనిపించేది అడుగు. మొదలు గుండ్రంగా లేదు. ఒక వైపు వెడల్పు, ఒక వైపు పలచన. గోడకూ పక్క మొక్కలకూ మధ్య ఇరుకున పెరిగిన కంచె మొక్క కాబట్టి వేళ్ళు గోడ వైపు పోలేదు, రోడ్డు వైపుకు కాస్త వాలుగా పోయాయి. బాబాయి ఆ వెడల్పు వైపునే చెట్టుకు ముఖం చేశారు. ఎదురుగా నిలబడితే అది నేలను గట్టిగా పట్టుకున్న మహావృక్షం. గోడ ఆనుకుని ఉన్న వెనక వైపు అసలు వేరే లేదు. దానికాయన మొదట్లో డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రం చేసి, కాయ రాలి మొలిచిన కామిని మొలకనే అందులోంచి దూర్చారు. రెండూ లావయ్యేకొద్దీ బెరళ్ళు ఒరుసుకుని అతుక్కుపోయాయి. తర్వాత మొలక తల తీసేస్తే మిగిలింది వేరు. చూపిస్తే తప్ప కనుక్కోలేం. చూపించాక కూడా బెరడు రంగులో కాస్త తేడా తప్ప తెలియదు.

అడుగున్నర దగ్గర ఒకప్పుడు పెద్ద బుడిపె ఉండేదట. కంచెను ఎప్పుడూ ఒకే ఎత్తులో కత్తిరిస్తారు కనుక అక్కడే పది చిగుళ్ళు పుట్టి ఆ చోటు ఉబ్బుతుంది. కింద సన్నం, పైన లావు. చెట్టు అందాన్ని చెడగొట్టేది ఇదే, పాత కంచె మొక్కలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. మందు ఒక్కటే, దాని కింద కొయ్యడం. ముప్ఫై ఏళ్ళ ఎదుగుదలను ఒక్క కోతతో పారేయడానికి గుండె కావాలి. చాలామంది ఇక్కడే వెనకాడి, ఆ బుడిపె చుట్టూ ఆకులు పెంచి కప్పిపుచ్చుతారు. ఆకులు దూసిన రోజున దొరికిపోతారు.

ఆ కోత మచ్చ ఇప్పుడు వెనక వైపు ఉంది. నేను వేలుపెట్టి చూశాను. కోసిన ముఖాన్ని ఆయన చదునుగా వదల్లేదు, చిన్న ఉలితో నడుమ కొద్దిగా గుంట చేశారు. చుట్టూ బెరడు అంచు నుంచి కొత్త కణజాలం లోపలికి దొర్లుకుంటూ వస్తుంది. చదునుగా ఉంటే ఉబ్బెత్తుగా మూసుకుంటుంది, గుంటగా ఉంటే సమంగా మూసుకుంటుంది. అది మందగించినప్పుడల్లా అంచును అంటు కట్టే కత్తితో సన్నగా గీరి మళ్ళీ నిద్రలేపుతారు. పైన బోర్డో పేస్టు. అలా ఏళ్ళు పట్టి రూపాయి బిళ్ళంత మచ్చ పప్పుగింజంతయింది. ఎవరూ చూడని వెనక వైపున ఇంత పని.

ఎడమ పక్క మొదటి కొమ్మ ఈ చెట్టుకు ప్రాణం. మొదటి ముక్క బొటనవేలంత, రెండోది చిటికెనవేలంత, మూడోది పెన్సిలంత, ఆ పైన అగ్గిపుల్లలు. పొడవులు కూడా అదే వరసలో తగ్గుతూ పోయాయి. ప్రతి విరుపు దగ్గరా దిక్కు మారింది గానీ, మొత్తం మీద కొమ్మ కొంచెం కిందికి దిగుతూ బయటికి పోయింది. ఒక్క చోట కూడా తీగ మచ్చ లేదు. కుడివైపు పైకొమ్మ మాత్రం నాకు నచ్చలేదు. దాని రెండో ముక్క మరీ పొడుగు, కోత ఏడాది ఆలస్యమైనట్టుంది. అడిగితే బాబాయి కాదనలేదు. వచ్చే తొలకరికి తీసి మళ్ళీ మొదటి ముక్క నుంచి పెంచుతారట. అంటే ఇంకో ఆరేడేళ్ళు.

మొదట్లో ఒక చచ్చిన మోడు ఉంచారు. కామిని కలప గట్టిది గనుక అది నిలుస్తుంది. లోపల నీళ్ళు నిలవకుండా తొలిచి, కిందికి దారి చేసి, లైమ్ సల్ఫర్ పూశారు. పూసిన రోజు కుళ్ళిన కోడిగుడ్ల వాసన, ఆరాక తెల్లటి ఎముక రంగు. మన దగ్గర దీనికి వానకంటే పెద్ద శత్రువు చెదలు. ఎండాకాలంలో నెలకోసారి చూసుకోవాల్సిందే.

ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఎదుగుదల ఆగిపోతుందని మనవాళ్ళల్లో ఒక నమ్మకం. మా పిన్ని కూడా అందుకే దాన్ని డాబా దాటి కిందికి రానివ్వలేదు. మైసూరులో గణపతి సచ్చిదానంద స్వామివారి ఆశ్రమంలో బోన్సాయ్‌లకు ఏకంగా ఒక వనమే ఉందని చెప్పినా వినలేదు. చెట్టును హింసిస్తున్నారనే ఆరోపణ ఇంకొకటి. కంచెలో ఉండగా నెలనెలా మొద్దు కత్తెరతో అడ్డంగా నరుకుతున్నప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. నాకున్న ఫిర్యాదు వేరే: షాపింగ్ మాల్స్‌లో ఉబ్బిన వేళ్ళ మీద రెండు ఆకులు అంటుకట్టి బోన్సాయ్ అని అమ్మే ఫైకస్‌లు. వాటిలో పనితనం లేదు, మూసపని తప్ప.

మీ వీధిలో పాత ఇల్లు పడగొడుతుంటే కంచె దగ్గర ఒకసారి వంగి చూడండి. పైన ఆకులను కాదు, అడుగున మట్టి లాగి మొదలును చూడండి. మణికట్టు కంటే లావుంటే, గోకితే బెరడు కింద పచ్చగా ఉంటే, ఇంటివాళ్ళను అడగండి. ఎలాగూ పారేసేదే, కాదనరు. వానలు మొదలయ్యాక తవ్వండి, పెట్టెకు గట్టిగా కట్టండి, ఏడాదిపాటు కత్తెరను దాచిపెట్టండి.